ఇంగ్లీషు సాహిత్యంలో పరిశోధన మనకెందుకు?

మన హాస్టల్లో ఎవరికైనా ఇంగ్లీషు బాగా వస్తుందంటే పెద్దలు చెప్పే మాట ఒకటే: "స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకో, ఉద్యోగం వస్తుంది." ఆ మాటలో తప్పు లేదు. మన ఇళ్ళలో అవసరాలు అలాంటివి. మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటి మనిషిని నేనే. ఎం.ఎ. అయ్యాక "ఇంకా చదువేనా బిడ్డా?" అని అమ్మ అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినా నేను పీహెచ్.డి.కి సిద్ధమవుతున్నాను. నా కారణాలు తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

ఇంగ్లీషు సాహిత్యమంటే షేక్స్‌పియర్, వర్డ్స్‌వర్త్ మాత్రమేననీ, అది కాన్వెంటు పిల్లల చదువనీ చాలామంది అనుకుంటారు. తార్నాకకు వచ్చి చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది. ఉస్మానియా పక్కనే ఉన్న ఇఫ్లూ 1958లో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అక్కడ పాఠాలు చెప్పిన సూసీ తారు, కె. లలితతో కలిసి భారతీయ స్త్రీల రచనలను 1991, 1993లలో రెండు సంపుటాలుగా తెచ్చారు. కె. సత్యనారాయణతో కలిసి దక్షిణాది దళిత రచనలను 2011, 2013లలో ఇంగ్లీషులో అందించారు. కళ్యాణరావు 'అంటరాని వసంతం' నవల 2010లో ఇంగ్లీషులోకి వెళ్ళింది. అనువదించిన అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ ఇద్దరూ ఇంగ్లీషు ఆచార్యులే. అంటే మన వాడల కథ ఇప్పటికే ఇంగ్లీషు శాఖల్లోకి చేరింది. దాన్ని చదివి, విశ్లేషించి, రాసేవాళ్ళలో మనం ఎంతమంది?

ఇతరులు రాయకూడదని నేననను. కానీ ఒక్క ఉదాహరణ చూడండి. డప్పును ఇంగ్లీషులో 'డ్రమ్' అని వదిలేస్తే చావు డప్పుకూ జాతర డప్పుకూ ఉన్న తేడా పోతుంది. ఆ తేడా మన చెవులకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసినంత మాత్రాన చాలదు. దాన్ని ఆధారాలతో, ఓపికతో నిరూపించాలి. పరిశోధన అంటే అదే.

ఇక డబ్బు మాట. నెట్ రాసి జె.ఆర్.ఎఫ్. తెచ్చుకుంటే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 వస్తాయి. 2023 జనవరి నుంచి ఇవీ రేట్లు. ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు ఎం.ఎ.లో 50 శాతం మార్కులుంటే నెట్ రాసే అర్హత ఉంటుంది. పరీక్ష ఏడాదికి రెండుసార్లు. ఫెలోషిప్ లేకుండా పీహెచ్.డి.లో చేరవద్దని నా సలహా. 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు పట్టే చదువు ఇది. అన్నేళ్ళు ఇంటి మీద భారం వేయలేం. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగమే లక్ష్యమైతే 2023 జూలై నుంచి పీహెచ్.డి. తప్పనిసరి కాదు, నెట్ ఉంటే దరఖాస్తు చేయవచ్చు. కాబట్టి నెట్‌కు చదివిన చదువు ఎటుపోయినా వృథా కాదు.

కష్టాలు లేవని చెప్పను. ఒక సెమినార్‌లో నా ఉచ్చారణకు నవ్వినవాళ్ళున్నారు. ఆ నవ్వు రెండు నిమిషాలుంటుంది. మనం రాసిన పేజీ లైబ్రరీలో ఉండిపోతుంది. ఫెలోషిప్ తీసుకోవడానికీ సిగ్గుపడనక్కర లేదు. 1913లో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే.

చివరగా పూర్వ విద్యార్థులైన అన్నలకూ అక్కలకూ ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు దండలకు బదులు నెట్ పుస్తకాలు తెండి. హాస్టల్లో ఒక అర వాటికి కేటాయిద్దాం. నెలకొక ఆదివారం వచ్చి దరఖాస్తులు నింపడం, సినాప్సిస్ రాయడం నేర్పండి. ఇంగ్లీషు మనకు పొట్టకూటి భాషగా మాత్రమే మిగిలిపోకూడదు. మన మాట మనమే చెప్పుకునే భాష కూడా కావాలి.