చిన్న మిల్లింగు యంత్రమునకు బెల్టు అమర్చుట మేలా?

తీరికవేళల లోహపుపని చేయువారికి, బల్లపై నమర్చుకొనదగిన చిన్న మిల్లింగు యంత్రము మిక్కిలి ప్రియమైన సాధనము. లేతులో ఇనుపముక్క తిరుగును, ఉలి తిరుగదు. మిల్లింగు యంత్రములోనో కట్టరు తిరుగును. వైసులో బిగించిన ముక్క బల్లతోగూడ మెల్లగా దానికెదురుగ జరుగును. ఇట్టి వానిలో చైనాదేశమందలి షాంఘై నగరపు సీగ్ వారి ఎక్స్ 2 అను రకము పలుదేశములలో పలువురు వర్తకుల పేళ్లతో అమ్ముడైనది. దాని మోటారుశక్తి గేర్ల ద్వారా స్పిండిలునకు చేరును. ఆ గేర్లలో కొన్ని ప్లాస్టిక్కుతో చేసినవి. కట్టరు లోహములో చిక్కుకొని ఆగినపుడు వాని పండ్లు విఱుగుట కలదు.

విఱిగిన గేరు స్థానమున మరల నట్టిదే వేయవలెనా? ఉక్కుగేరు వేయవలెనా? లేక గేర్లను తీసివైచి బెల్టు అమర్చవలెనా? బెల్టే మేలని మా యభిప్రాయము. అయితే కారణము తెలియక యంత్రమును మార్చుట విద్యార్థులకు తగదు గనుక, ఆ కారణములను వివరింతుము.

మొట్టమొదట ప్లాస్టిక్కు గేరును నిందింపరాదు. కట్టరు ఆగినను మోటారు తిరుగజూచును. అప్పుడు మధ్యనున్న దేదో లోబడవలెను. ప్లాస్టిక్కు పన్ను తాను విఱిగి మోటారును, దాని విద్యుత్పరికరమును కాపాడును. ఉక్కుగేరు వేసినవారు ఆపదను తొలగించినవారు కారు. దానిని మఱియొక భాగము మీదికి నెట్టినవారు మాత్రమే. బెల్టు అట్లు గాక, భారము మితిమీరినపుడు పుల్లీపై జారును. కట్టరును వెలికిదీసినచో మరల నెప్పటివలె నడచును. ధాన్యపు మిల్లులో బెల్టు కిఱ్ఱుమని జారుట చూచినవారికి ఈ సంగతి క్రొత్త గాదు. కాని పండ్లు గల బెల్టు ఇట్లు జారదు. కావున నునుపైన వీ-బెల్టునే కోరుకొనవలెను. గేర్ల రొద తగ్గుట దీనివలని మఱియొక లాభము.

రెండవది వేగము. ఆ గేర్ల యంత్రము తక్కువ గేరులో నిమిషమునకు సుమారు 1100 చుట్లు, ఎక్కువ గేరులో సుమారు 2500 చుట్లు మించి తిరుగదు. సాధారణపు హైస్పీడ్ ఉక్కు కట్టరుతో మెత్తని ఉక్కును కోయుటకు నిమిషమునకు 25 మీటర్ల అంచువేగము తగినదనుకొందము. 16 మిల్లీమీటర్ల కట్టరునకు 500 చుట్లు చాలును. 3 మిల్లీమీటర్ల దానికి 2650 కావలెను. అల్యూమినియమునకు 75 మీటర్లు పెట్టుకొన్నచో, ఆ చిన్న కట్టరే 8000 చుట్లు కోరును. కాబట్టి రెండు మెట్ల పుల్లీలు ఉపయోగపడును. మోటారుపై 40, స్పిండిలుపై 80 మిల్లీమీటర్ల పుల్లీలున్నచో వేగము సగమై, త్రిప్పుబలము ఇంచుమించు రెట్టింపగును. తాఱుమాఱు చేసినచో వేగము రెట్టింపై బలము సగమగును. రెండును ఒక్కసారి పెరుగవు. అంతియగాక, స్పిండిలు బేరింగులు ఓర్వగల వేగమును మించరాదు.

బెల్టు అల్పులు చేసుకొను సర్దుబాటని కొందఱు తలంతురు. అది సరికాదు. అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ 1862లో నిర్మించిన సార్వత్రిక మిల్లింగు యంత్రము బెల్టుతోనే నడచినది. 1938లో వెలువడి ప్రపంచమంతట వ్యాపించిన బ్రిడ్జిపోర్టు యంత్రపు తలలోను మెట్ల పుల్లీలు, వీ-బెల్టు గలవు. మిక్కిలి తక్కువ వేగములకు మాత్రమే అందు గేర్ల సాయము కలదు. సీగ్ వారు గూడ పిమ్మట బెల్టుతో నడచు రకమును చేసిరి.

ఇక తల్లిదండ్రులు అడుగదగిన ప్రశ్న యొకటి కలదు: తిరుగు బెల్టు దగ్గఱకు పిల్లలను పంపవచ్చునా? ఈ సందేహము న్యాయమైనది. గేర్లు పెట్టెలో దాగియుండును. బెల్టు బయట తిరుగును. పుల్లీకిని బెల్టుకును నడుమ చిక్కిన వ్రేలికి, బెల్టు జారునను మాట రక్షణ గాదు. కావున బెల్టును పూర్తిగా కప్పు రేకుమూతను ముందుగా చేయవలెను. మూత సిద్ధము కానియెడల పాత గేర్లే మేలు. బెల్టు మార్చునపుడు ప్లగ్గును ఊడదీయవలెను. వ్రేలాడు పైటలు, వదులు చేతులు, గాజులు, విప్పిన జడలు, చేతితొడుగులు యంత్రము దగ్గఱ ఉండరాదు. కన్నులకు అద్దములుండవలెను. ఉపాధ్యాయుడు చూచి సరియన్న పిమ్మటనే మీట నొక్కవలెను.

సిద్ధముగా దొరకు బెల్టు సామగ్రిని కొని బిగింపవచ్చును. అది తప్పు గాదు. అయినను లేతు ఉన్నచోట విద్యార్థులే పుల్లీలను త్రిప్పి చేయుట మాకెక్కువ యిష్టము. పుల్లీల నడుమ దూరమును కొలుచుట, నిష్పత్తి లెక్కించుట, రెండు పుల్లీలును ఒకే వరుసలో నిలుచునట్లు బద్దపెట్టి చూచుట, బెల్టును మితముగా బిగించుట: ఇవి యన్నియు గణితపాఠములే. పుల్లీ వరుస తప్పినచో బెల్టు ప్రక్కలు అరుగును. లెక్క తప్పినచో కట్టరు కాలును. పలకపై తప్పును తుడిచివేయవచ్చును గాని, ఇచ్చట తప్పు కంటికి కనబడి సరిదిద్దుకొనుమని అడుగును.

విద్యార్థులారా! విఱిగిన గేరును పారవేయకముందు అది ఏల విఱిగెనో చేతబట్టి చూడుడు. తల్లిదండ్రులారా! మీ బిడ్డలు నూనెచేతులతో ఇల్లు చేరినపుడు కోపింపక, నేడు ఏమి కొలిచితిరని అడుగుడు.