పచారీ పద్దు

నందికొట్కూరున మనలో నెలజీతముపై బ్రదుకువారు పలువురు పచారీ సరుకులను పద్దుమీఁదనే తెచ్చుకొనుచున్నారు. అప్పిచ్చిన యంగడిలో వెల యడుగుటకు నోరాడదు. తూకము చూచుటకు మొగము చెల్లదు. మన యింటికి వచ్చు సరుకులన్నిటిలో ఈ మొగమాటమే మిక్కిలి ప్రియమైనదని మా యభిప్రాయము.

పొట్లముల మాయ వేఱు: వెల కదలదు, బరువు తగ్గును. కిలోకు తక్కువైన పొట్లముపై గ్రాము వెలను, మించినదానిపై కిలో వెలను ముద్రింపవలెనని కేంద్రప్రభుత్వ నిబంధన యున్నది. దానిని పిల్లలచే చదివింపుడు. జొన్నలు, కందులు మన చుట్టుపట్ల పండునవే గదా. కోతలనాఁడు మూటగా కొని, యెండఁబోసి దాఁచుకొనుట మన యవ్వలెఱిఁగిన పద్ధతి.

నగదేదీ యందురు. నిజమే, పద్దు నొక్కసారిగా తెంచుకొనుట యెవరికిని తరము కాదు. నెలకొక్క సరుకునకు నగదిచ్చి, దానిని పద్దునుండి తప్పింపుడు. మొదట నూనె, దాని వెలయే తఱచుగా మాఱుచుండును.