కుటుంబ ఆరోగ్యం: కిడ్నీ మార్పిడి తరువాత కంచంలో ఏమి వడ్డించాలి?



డయాలసిస్ మీద ఉన్న రోజుల్లో రోగి మంచినీళ్లు కూడా కొలిచి తాగవలసి వస్తుంది. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, పప్పు తగ్గించాలి. అటువంటి వ్యక్తికి కొత్త కిడ్నీ అమరి, ఆకలి తిరిగి వచ్చినప్పుడు ఇంటివారికి కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. "ఇక పథ్యం గొడవ తీరిపోయింది" అని అందరూ అనుకుంటారు. అయితే పథ్యం తీరిపోలేదు, దాని స్వభావం మారినది. ఈ సంగతిని రోగితోపాటు ఇంటిల్లిపాది తెలుసుకొనవలెనని ఈ నెల మేము ఈ అంశం తీసుకున్నాము.

మొదట కారణం గ్రహించుదాము. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం చేసిన కిడ్నీ మార్పిడి విజయవంతమైనది. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఒకే పోలిక గల కవలలు గనుక ఆ శరీరం కొత్త కిడ్నీని పరాయిదిగా ఎంచలేదు. మన దేశంలో 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఈ ఆపరేషన్ జయప్రదంగా జరిగినది. అయితే కవలలు కానివారి విషయంలో శరీరం కొత్త కిడ్నీ మీద తిరగబడుతుంది. దానిని ఆపడానికి టాక్రోలిమస్ వంటి మందులు, వాటితో స్టీరాయిడ్లు వాడతారు. ఇవి రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. కాబట్టి మన కడుపులో ఒక పూట నొప్పితో పోయే కలుషితాహారం వారిని ఆసుపత్రిలో చేర్చగలదు. తినే తిండి మందు మోతాదునే తారుమారు చేయవచ్చు కూడా.

అందుచేత మొదటి జాగ్రత్త శుభ్రత. ముఖ్యంగా మొదటి ఆరు నెలలు కఠినంగా ఉండవలెను. పాలు బాగా కాచినవే వాడాలి. ఆ పాలతో ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు మంచిది. హాఫ్ బాయిల్ గుడ్డు, సగం ఉడికిన మాంసం, పచ్చి మొలకలు, బండి మీద కోసి అమ్మే పండ్లు, ఐసు వేసిన చెరకురసం, పానీపూరీ వద్దు. కోడిని కోసిన కత్తిపీటను సబ్బుతో కడగకుండా దాని మీద పండు తరగరాదు.

చద్దన్నం మన పల్లెల్లో బలమైన ఆహారమే గాని, వీరికి తగదు. అన్నం ఉడికినా చావని ఒక రకం సూక్ష్మజీవుల విత్తులు గది వేడిలో మొలకెత్తి విషం తయారు చేస్తాయి. తిరిగి వేడి చేసినా ఆ విషం పోదు. వండిన పదార్థం రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు.

రెండవది, పండ్ల సంగతి. పెరట్లో కాసే పంపర పనస, బజారులో దొరికే గ్రేప్‌ఫ్రూట్ తినరాదు. టాక్రోలిమస్‌ను విరిచివేసే ఒక ఎంజైము మన పేగులో ఉన్నది. ఈ పండ్లు దానిని పనిచేయనివ్వవు. అప్పుడు రక్తంలో మందు పెరిగిపోయి కొత్త కిడ్నీనే దెబ్బతీస్తుంది. ఉదయం మాత్ర, సాయంత్రం పండు అని ఎడం పెట్టినా ప్రయోజనం లేదు. పండు ప్రభావం ఒక రోజుకు పైగా నిలుస్తుంది. తిప్పతీగ కషాయం, "ఇమ్యూనిటీ" పొడులు, పసుపు మాత్రలు కూడా డాక్టరును అడగనిదే ముట్టవద్దు. అణచి ఉంచవలసిన శక్తిని రెచ్చగొట్టే మందు ఇక్కడ మేలు చేయదు. కూరలో వేసే చిటికెడు పసుపుకు భయపడనక్కరలేదు.

మూడవది ఉప్పు, చక్కెర, బరువు. స్టీరాయిడ్ ఆకలిని పెంచుతుంది, చక్కెరను పెంచుతుంది. అంతకుముందు షుగరు లేనివారికి సైతం మార్పిడి తరువాత రావచ్చు. తెల్లన్నం కొలత తగ్గించి కూర, ఆకుకూర పెంచవలెను. రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు, అనగా సుమారు ఒక టీ స్పూను చాలు. ఆవకాయ, అప్పడం, ఎండుచేపలు, చల్ల మిరపకాయల్లోని ఉప్పు కూడా ఆ లెక్కలోనిదే. "తక్కువ సోడియం" ఉప్పు అని అమ్మే దానిలో పొటాషియం ఉంటుంది. టాక్రోలిమస్ వల్ల ఒంట్లో పొటాషియం పెరిగే అవకాశం ఉన్నది గనుక అది ప్రమాదం. కొబ్బరినీళ్లు, అరటిపండు ఎంత తినవచ్చునో రక్తపరీక్షను బట్టి డాక్టరు చెప్పాలి, పక్కింటివారు చెప్పరాదు.

మాంసకృత్తుల విషయంలో కొందరు డయాలసిస్‌కు ముందున్న భయంతోనే ఉంటారు. గాయం మానే మొదటి వారాల్లో పప్పు, ఉడికిన గుడ్డు, చేప, కోడిమాంసం తగినంత కావలెను. తరువాత మితంగా తినవచ్చు. కిడ్నీ బాగా పనిచేయుచున్నవారికి నీళ్లు సాధారణంగా రోజుకు రెండు మూడు లీటర్లు అవసరం. కాచి చల్లార్చినవి తాగాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మందు మట్టం మారిపోతుంది. ఇంటి వైద్యంతో రోజులు గడపక వెంటనే ఆసుపత్రికి తెలపండి.

ఉపవాసం గురించి కూడా ఒక మాట చెప్పవలెను. సంఘంలో ఉపవాస ప్రార్థనలు జరిగినప్పుడు కొందరు మాత్రలు, నీళ్లు మాని కూర్చుంటారు. ఇది తగదు. మాత్రలు ప్రతిదినం అదే వేళకు పడవలెను. డాక్టరు అనుమతి లేనిదే ఉపవాసముండనివారిని ఎవరూ భక్తి తక్కువవారిగా చూడకూడదు. ప్రేమవిందులో కూడా వడ్డించేవారు "ఒక్క ముద్ద తింటే ఏమవుతుంది?" అని బలవంతపెట్టవద్దు. "మీకు ఏది పెట్టమంటారు?" అని అడగడమే నిజమైన మర్యాద.

చివరిగా ఇంటి యజమానురాండ్రకు మా మనవి. మన దేశంలో ఎక్కువమందికి కిడ్నీ ఇచ్చేది తల్లి, భార్య, తండ్రి, తోబుట్టువు వంటి దగ్గరవారే. అంటే చాలా ఇండ్లలో ఒక్కొక్క కిడ్నీతో బ్రతుకుచున్నవారు ఇద్దరుంటారు. ఇచ్చిన తల్లి తన రక్తపోటు చూపించుకోక, మిగిలిన పచ్చడి మెతుకులతో సరిపెట్టుకొని, నొప్పి మాత్రలు మింగుచు పనిచేయుట మేము చూచుచున్నాము. ఉప్పు తగ్గిన కూర, తాజా అన్నం, కాచిన నీళ్లు ఆమెకూ మంచివే, పిల్లలకూ మంచివే. రోగికి వేరే గిన్నె పెట్టి అందరూ రుచులు తింటే అతడు ఆరు నెలలకే విసిగిపోతాడు. ఇంటిల్లిపాదికి ఒకే వంట వండండి. ఆ కిడ్నీ ఎన్నో ఏండ్లు నిలుచుటకు మీ పొయ్యి దగ్గరనుండే సహాయం మొదలవుతుంది.