మౌంట్ వెర్నన్‌లో కళ్లం

వర్జీనియాలో ఉంటున్న మా అమ్మాయి జార్జి వాషింగ్టన్ ఇల్లు చూపిస్తానంటే, జమీందారు మేడలాంటిదేదో చూడబోతున్నాననుకున్నాను. పొటోమాక్ ఒడ్డున మౌంట్ వెర్నన్ మేడ బాగానే ఉంది. గోడలు రాతివనుకున్నా. చెక్కకు రంగేసి ఇసుక చల్లారట! దర్జా ఎక్కడైనా ఒకటే.

నా కాళ్లు ఆగింది మాత్రం కళ్లం దగ్గర. పదహారు పలకల కొట్టం. పై అంతస్తులో గోధుమ పనలు పరిచి గుర్రాల్ని గుండ్రంగా తిప్పేవారు. చెక్కల సందుల్లోంచి గింజలు కింద రాలేవి. తెనాలి దగ్గర మా ఊళ్లో పశువులతో బంతి తిప్పుతుంటే గడ్డి ఎగదోసినదాన్ని నేను. మబ్బు పడితే మా నాన్న ముఖం చూడలేకపోయేవాళ్లం. ఆయనకి ఈ కప్పు ఉంటేనా! ఇప్పుడున్నది తిరిగి కట్టిందే. ఆ మాట వాళ్లే చెప్పారు.

బానిసలు పడుకున్న చెక్క మంచాల తీరూ చూపించారు. 1799లో వాషింగ్టన్ పోయేనాటికి అక్కడ 317 మంది బానిసలు. తన సొంతమైన 123 మందిని భార్య తదనంతరం విడుదల చెయ్యమని వీలునామా రాశాడు. మిగతావాళ్లలో ఎక్కువమంది ఆమె మొదటి భర్త ఆస్తి కింద లెక్క. వాళ్లకు ఆ వీలునామా వర్తించలేదు.

ఆ ఇంటిని నిలబెట్టింది ఆడవాళ్లు. పడవలో వెళ్తూ పాడుబడ్డ మేడను చూసిన తల్లి ఉత్తరం రాస్తే, ఆన్ పమేలా కన్నింగ్‌హామ్ 1853లో సంఘం పెట్టింది. చందాలు పోగేసి 2 లక్షల డాలర్లకు కొన్నారు. నేటికీ అది ఆ సంఘానిదే.

నాకు సిగ్గేసింది. చెరుకుపల్లి దగ్గర కావూరులో గొల్లపూడి సీతారామశాస్త్రి పెట్టిన వినయాశ్రమం ఉంది. ఆంధ్ర రాష్ట్రం కోసం 1951లో 35 రోజులు నిరాహారదీక్ష చేసిన స్వామి సీతారాం ఆయనే. రేపల్లె, బాపట్ల మధ్య ఎన్నిసార్లు తిరిగినా చెరుకుపల్లిలో బస్సు దిగిన పాపాన పోలేదు. బాపట్లలో పాఠాలు చెప్పాను. 1913లో ప్రథమ ఆంధ్ర మహాసభ ఏ స్థలంలో జరిగిందో ఒక్క పిల్లకీ చూపించలేదు. మనం చందాలిచ్చేది విగ్రహాలకే. దండ వేస్తే ఏడాది బాధ్యత తీరిపోతుంది. ఇల్లయితే రోజూ ఊడవాలి, వచ్చినవాళ్లకు చెప్పాలి.

సంక్రాంతి వెళ్లాక నలుగురం రిటైరైన టీచరమ్మలం కావూరు వెళ్తున్నాం, అక్కడి పెద్దలు చెప్పింది రాసుకోవడానికి. బాపట్ల సభాస్థలం ఎరిగినవారెవరైనా ఉంటే మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లండి.