'రక్తం పెరిగాక రా' అంటే సరిపోతుందా?

పత్తి ఏరే రోజుల్లో ఒక దళిత కూలీ మహిళ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లింది. నెలకు పది రోజులు ఆగని రక్తస్రావం. స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డలు, అంటే ఫైబ్రాయిడ్లు, ఉన్నాయని తేలింది. హిమోగ్లోబిన్ 7.4. "ఆపరేషన్ చేయాలి గానీ రక్తం తక్కువుంది, పెరిగాక రా" అన్నారు. ఐరన్ మాత్రలు ఇచ్చి పంపారు. అప్పటిదాకా రక్తస్రావాన్ని ఎలా తగ్గించుకోవాలో ఎవరూ చెప్పలేదు. మాత్రలు మింగినా నెల తిరిగేసరికి పోయేది పోతూనే ఉంది. చివరికి అప్పు చేసి ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి తీయించుకుంది. ఆమెకు 34 ఏళ్లు.

ఇది ఒక్క మనిషి తలరాత కాదంటున్నాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఎస్సీ, ఎస్టీ మహిళల్లో దేశ సగటు కంటే ఎక్కువ. అదే వయసు వారిలో గర్భసంచి తీయించుకున్నవారు దేశవ్యాప్తంగా సుమారు 3 శాతమైతే మన రెండు రాష్ట్రాల్లో 8 శాతం దాటారు. ఈ రెండు లెక్కలనూ విడివిడిగా చదవడమే మనం చేస్తున్న పొరపాటు.

ఆపరేషన్‌కు ముందు ఆగాల్సిన రెండు మూడు నెలలు ఖాళీ సమయం కాదు, అది వైద్యం చేయాల్సిన సమయం. రక్తస్రావం రోజుల్లో ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు చాలామందికి స్రావాన్ని తగ్గిస్తాయి. గతంలో రక్తనాళాల్లో గడ్డకట్టిన సమస్య ఉన్నవారు మాత్రం ఇవి వాడకూడదు. హార్మోన్ మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనం, గడ్డలను కుదించే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. ఏది ఎవరికి పనికొస్తుందో డాక్టరే తేల్చాలి. ఐరన్ మాత్రలతో హిమోగ్లోబిన్ నెలకు ఒక గ్రాము పెరగడానికీ రక్తస్రావం అదుపులో ఉండాలి. మాత్రలు పడనివారికి, ఆపరేషన్ దగ్గరపడినవారికి నరం ద్వారా ఐరన్ ఎక్కించవచ్చు. ఆయాసం, కళ్లు తిరగడం ఉండి హిమోగ్లోబిన్ 7 లోపు పడిపోతే రక్తమే ఎక్కించాల్సి రావచ్చు. కొందరికి ఈ వైద్యంతోనే ఆపరేషన్ అవసరం తప్పుతుంది. మరికొందరికి గడ్డలు మాత్రమే తీసి గర్భసంచిని కాపాడవచ్చు.

మరి ఇవి మన ఆడవాళ్లకు ఎందుకు అందవు? ప్రతి విజిట్‌కూ ఒకరోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పడుతుంది. మందులు లేవంటే బయట కొనాలి. బట్ట విషయం మగ డాక్టరు ముందు చెప్పలేని మొహమాటం, చెప్పినా విసుక్కునే గొంతులు. ఇవన్నీ కలిసి 'తీసేస్తే పీడ పోతుంది' అనే మాటకు దారి వేస్తాయి. అండాశయాలూ తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు, గుండె దెబ్బతినే ముప్పు పెరుగుతుందని సంతకం పెట్టించుకునేటప్పుడు ఎవరు చెబుతున్నారు?

తిండి సలహాలోనూ కులం ఉంది. దానిమ్మ, ఖర్జూరం తినమంటారు. మన వాడల్లో తినే కార్జం, నల్ల, పెద్దకూరలో ఉండే ఐరన్ ఒంటికి ఇంకా బాగా పడుతుందని మాత్రం చెప్పరు. నీచమని చూసిన తిండే ఇక్కడ మందుకు తోడు. అయితే రక్తం పోతూ ఉంటే ఏ తిండీ ఒంటరిగా లోటు పూడ్చలేదు.

2023 ఏప్రిల్‌లో డాక్టర్ నరేంద్ర గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అనవసర గర్భసంచి ఆపరేషన్ల నివారణకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలు మూడు నెలల్లో స్వీకరించాలని ఆదేశించింది. జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు వాటిలో భాగం. మీ జిల్లాలో కమిటీ ఉందా? ఎన్నిసార్లు కూర్చుంది? 40 ఏళ్ల లోపు ఎందరికి ఆపరేషన్లు జరిగాయి, వారిలో ఎస్సీ, ఎస్టీలు ఎందరు? సమాచార హక్కు దరఖాస్తుతో విద్యార్థులు, కార్యకర్తలు అడగగలిగిన ప్రశ్నలివి.

అనవసర ఆపరేషన్లు ఆపమని అడిగితే చాలదు. అవసరమైన వైద్యం ఆపరేషన్‌కు ముందే, ఊరికి దగ్గర్లో, ఉచితంగా ఇవ్వమని అడగాలి. 'రక్తం పెరిగాక రా' అని చెప్పిన ఆసుపత్రే ఆ రక్తం పెరిగే బాధ్యతా తీసుకోవాలి.