ఆగిపోవడానికి ముందు ఉండాలి కదా?

పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి, తిట్టాలనిపిస్తే చదివాక తిట్టండి.

కాలేజీ సెమినార్ కోసం "విపత్తులను తట్టుకునే మౌలిక వసతులు" అనే టాపిక్ ఇచ్చారు. ఏ పేపర్ తిరగేసినా పోర్టులు, మెట్రోలు, డేటా సెంటర్లు, పవర్ గ్రిడ్. రేపు కరోనా లాంటిది మళ్లీ వస్తే ఇవి ఆగిపోకూడదట. నిజమే, ఆగకూడదు. నాకు ఒక్కటే డౌటు. ఆగిపోవాలన్నా ముందు ఉండాలి కదా? మన గూడేల్లో ఏముందని ఆగిపోతుంది?

2020 మార్చి గుర్తుందా? ఆశ్రమ పాఠశాలలకు తాళాలేసి మనల్ని ఇళ్లకు పంపించేశారు. బయటివాళ్లకు అది ఒక బడి, అంతే. మనకు బడీ అదే, మూడు పూటలా తిండీ అదే, జ్వరమొస్తే మాత్ర దొరికే చోటూ అదే. ఒక్క తాళంతో మూడూ పోయాయి. బదులుగా ఆన్‌లైన్ క్లాసులన్నారు. నేనూ మా చెల్లీ ఒక్క ఫోను పట్టుకుని గుట్టెక్కి కూచునేవాళ్లం. వానొస్తే క్లాసు లేదు. కరెంటు పోతే టవర్ లేదు. టవర్ ఉన్న రోజు బ్యాలెన్స్ లేదు.

రెండేళ్లకు, 2022 జులైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ ఏడు 71 అడుగులు దాటాకే నెమ్మదించింది. కూనవరం, వీఆర్ పురం, చింతూరు, ఎటపాక మండలాల్లో శబరి కూడా ఎగదన్ని ఊళ్లకు ఊళ్లే మునిగాయి. మేం గుట్ట మీద టార్పాలిన్ల కింద ఉన్నాం. ముందు కరెంటు పోయింది. టవర్ బ్యాటరీ ఉన్నంతసేపు ఉండి అదీ పోయింది. టవర్ పోయాక 108కి ఫోన్ చెయ్యలేం, పడవ ఎప్పుడొస్తుందో తెలీదు, వేలిముద్ర పడక బియ్యమూ రావు. చూశారా, ఒకటి పోతే దాని వెనక వరసగా అన్నీ పోతాయి. కరోనాలో జరిగిందీ ఇదే, వరదలో జరిగిందీ ఇదే. జబ్బు వేరు, నీళ్లు వేరు, తెగిన తాడు మాత్రం ఒకటే.

"కొండ మీద పది ఇళ్లుంటాయి, వాటి కోసం అంత ఖర్చు ఎలా పెడతాం?" అంటారు ఆఫీసుల్లో. మాచ్‌ఖండ్, సీలేరు, డొంకరాయి ఎక్కడున్నాయి సార్? మన కొండల్లో కాదా? కొండ నుంచి మైదానానికి కరెంటు దించడానికి అడవిలో లైన్లు వెయ్యడం కుదిరింది. అదే అడవిలో ఉన్న పీహెచ్‌సీకి ఫ్రిజ్ ఆగకుండా కరెంటు ఇవ్వడం మాత్రం ఖర్చయిపోయింది. టీకాలు ఆ ఫ్రిజ్‌లోనే కదా ఉండాలి!

ఇప్పుడు మనోళ్లతో ఒక మాట. "మనల్ని అడవే కాపాడింది, ఇవేవీ మనకొద్దు" అని ఈ గ్రూపులోనే కొందరు రాస్తున్నారు. 2020లో దారికి అడ్డంగా దుంగలేసి ఊరిని మనమే కాపాడుకున్నాం, అది మన కట్టుబాటు గొప్పతనమే, కాదనను. కానీ 2021లో జబ్బు దుంగ దాటి వచ్చింది. అడవిలో గాలి మంచిదే అన్నా, ఊపిరితిత్తులు నిండిపోయినోడికి కావాల్సింది ఆక్సిజన్ మిషన్. దానికి కరెంటు కావాలి. వాడిని అక్కడిదాకా తీసుకెళ్లాలంటే రోడ్డు కావాలి. డోలీ కట్టడం మనోళ్ల ధైర్యమే గానీ, దాన్ని చూపించి ప్రభుత్వం రోడ్డు ఎగ్గొడుతుంటే మనం చప్పట్లు కొట్టకూడదు.

ఇంకో సంగతి. వసతి అంటే సిమెంటూ ఇనుమే కాదు, మనుషులు కూడా. లాక్‌డౌన్ పడగానే బయటి నుంచి వచ్చిన ఉద్యోగులు చాలామంది సొంతూళ్లకు పోయారు. తప్పు పట్టను, ఎవరికైనా ఇల్లే గుర్తొస్తుంది. మన ఆశా అక్క మాత్రం ఊళ్లోనే ఉంది, ఎందుకంటే ఆమె ఇల్లు అదే. ఏజెన్సీ టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో 3ని సుప్రీంకోర్టు కొట్టేసింది ఎప్పుడో తెలుసా? 2020 ఏప్రిల్ 22న. సరిగ్గా లాక్‌డౌన్ నడుమ! కష్టకాలంలో ఊళ్లో ఉండేది ఎవరో దేశమంతా చూస్తున్న నెలలోనే. జీవో 3 పోరాటాన్ని ఉద్యోగాల గొడవ అని చిన్నబుచ్చేవాళ్లకు ఈ తేదీ చూపించండి.

మనం అడగాల్సినవి పెద్దవేం కాదు:

1. ప్రతి టవర్‌కు, ప్రతి పీహెచ్‌సీకి కరెంటు లేకపోయినా కొన్ని రోజులు నడిచేలా సోలార్, బ్యాటరీలు.
2. వానలకు ముందే డిపోల్లో మూడు నెలల సరుకు. సిగ్నల్ లేని రోజు వేలిముద్ర లేకుండా, పుస్తకంలో రాసుకుని బియ్యం ఇవ్వాలి.
3. ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఏఎన్ఎం. బడి మూసినా తిండి, మందులు పిల్లల ఊరికి చేరాలి.
4. హెచ్చరికలు కోయలో, గోండిలో, కువిలో. ఆ పోస్టుల్లో మన భాష వచ్చిన మనోళ్లే.

పీసా చట్టం 1996లోనే వచ్చింది. ఊరి అభివృద్ధి ప్రణాళికకు గ్రామసభ ఆమోదం ఉండాలని అందులోనే ఉంది. ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు గ్రామసభలో ఈ నాలుగూ తీర్మానం రాయించి, నకలు ఐటీడీఏలో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు తప్పకుండా తీసుకోండి. తర్వాతి వరదకో, తర్వాతి జబ్బుకో "మాకెవరూ చెప్పలేదు" అనడానికి వాళ్లకు వీలుండకూడదు.

జై ఆదివాసీ!