సారథ్యం ముందు, రథం తరువాత



తెలుగు పండితుడికి కారు పందేల గొడవ ఎందుకని మీలో కొందరికి సందేహం కలుగవచ్చు. రథాలు, సారథులు లేకుండా భారతం పాఠం చెప్పడం ఎవరికి సాధ్యం? కాబట్టి ఈ విషయం మీద నాలుగు మాటలు వ్రాయడానికి నాకూ కొంత అధికారం ఉన్నదనే భావిస్తున్నాను.

మా నెమలికి దగ్గరి పట్టణం తిరువూరు. అక్కడి నుండి మైలవరం మీదుగా ఇబ్రహీంపట్నం వైపు సాగేది 30వ నంబరు జాతీయ రహదారి. దాని మీద మామిడికాయల లారీలు, పత్తి ట్రాక్టర్లు, ఇంటికి మళ్ళిన గేదెలు, బడి నుండి వచ్చే పిల్లల సైకిళ్ళు అన్నీ నడుస్తాయి. ఇటువంటి రోడ్ల మీదనే మన కుర్రవాళ్ళు వేగంలో పంతాలకు పోతున్నారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ మరణాలలో నూటికి 71 అతివేగం వల్లనే. ఈ అంకెలను చూసి పెద్దలు వేగాన్నే తిట్టిపోస్తారు. నా అభిప్రాయం వేరు. వేగం దోషం కాదు, విద్య లేని వేగం దోషం. విద్య నేర్పే చోటు చూపకుండా తిట్టడం వల్ల ఒక్క ప్రాణమూ దక్కదు.

ఆరణ్యపర్వంలోని నలోపాఖ్యానం మీకు తెలిసినదే. దమయంతి రెండవ స్వయంవరమని విని, ఒక్క దినంలో విదర్భకు చేరాలని ఋతుపర్ణుడు తొందరపడతాడు. బాహుకుడి రూపంలో ఉన్న నలుడు శాలలో ఎన్నుకున్నవి బక్కచిక్కిన గుర్రాలు. ఇవా నూరు యోజనాలు పరుగెత్తేవని రాజు విస్తుపోతాడు. నలుడు వాటి జాతి, లక్షణాలు చెప్పి, అవే చాలునంటాడు. దారిలో రాజు ఉత్తరీయం జారిపడింది. ఆపమని చెప్పేలోపే అది యోజనం దూరం వెనుకబడిపోయింది! గుర్రాలు చూపులకు బలమైనవి కావు. సారథికి అశ్వహృదయం తెలుసు. వాహనం వేగం పెంచడమనే శాస్త్రానికి మొదటి సూత్రం నాకు ఈ కథలోనే కనిపిస్తుంది.

నేటి పందెపు శాస్త్రం చెప్పేదీ ఇదే. ఔత్సాహికుడు తన కారును పందెపు బాట మీద వేగవంతం చేయదలిస్తే, మొదట బాగుపరచవలసినది తనను తానే. మలుపునే ఉదాహరణగా తీసుకుందాం. బయటి అంచు నుండి ప్రవేశించి, నడుమ లోపలి అంచును ఒరుసుకుని, మళ్ళీ బయటి అంచుకు చేరితే కారు గీసే వృత్తం పెద్దదవుతుంది. వృత్తం వ్యాసార్ధం నాలుగు రెట్లయితే, అదే టైర్ల పట్టుతో రెండు రెట్ల వేగంతో తిరగవచ్చు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా కలిసివచ్చే వేగమిది. బ్రేకు మలుపుకు ముందే, తిన్నని దారిలోనే చాలావరకు వేసుకోవాలి. మలుపులోకి నిదానంగా ప్రవేశించినవాడే దానిలో నుండి వేగంగా బయటపడతాడు.

రెండవది టైరు. ఎంతటి కారైనా నేలను తాకేది నాలుగు అరచేతులంత మేరలోనే. లాగడం, ఆగడం, తిరగడం అన్నీ ఆ నాలుగు అరచేతుల పనే. ఆగడానికి ఎంత పట్టు వాడుకుంటే తిరగడానికి అంత తగ్గుతుంది. బాట మీద కొన్ని చుట్లు తిరిగేసరికి టైర్లు వేడెక్కి, లోపలి గాలి పీడనం పెరుగుతుంది. అందుకే తెలిసినవారు కారు ఆగిన వెంటనే గాలి కొలిచి సరిచేస్తారు. గాలి ఎక్కువైతే టైరు నడిమి భాగమే అరుగుతుంది, తక్కువైతే అంచులు అరుగుతాయి. టైరు ముఖం చూసి కారు యోగక్షేమం చెప్పవచ్చు.

మూడవది బ్రేకు. వేగం రెట్టింపైతే కారులోని గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 120 వేగంలో బ్రేకులు నాలుగింతల శక్తిని వేడిగా మార్చాలి. కొత్త డాట్-4 రకం బ్రేకు ఆయిలు 230 డిగ్రీల సెల్సియస్ వరకైనా మరగకూడదన్నది నియమం. అది గాలిలోని తేమను పీల్చుకున్న కొద్దీ ఆ హద్దు పడిపోతుంది. ఆయిలు మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు పుడతాయి, పెడలు నేలకంటుతుంది గాని కారు ఆగదు. కాబట్టి ఇంజను మీద చేయి వేసేముందు తాజా ఆయిలు, వేడికి ఓర్చే ప్యాడ్లు వేయించుకోవాలి.

నాలుగవది బరువు. గుర్రపుశక్తి పెంచితే తిన్నని దారిలో లాభం. బరువు తగ్గిస్తే పుంజుకోవడంలో, ఆగడంలో, తిరగడంలో, మూడింటా లాభం. లోటస్ సంస్థాపకుడు కోలిన్ చాప్‌మన్ తేలికైన కార్లతోనే ప్రపంచాన్ని గెలిచాడు. ఇంజను వంతు వీటన్నిటి తరువాతనే. ఏ మార్పు చేసినా ఒకసారికి ఒక్కటే చేసి, గడియారంతో కొలిచి, పుస్తకంలో వ్రాసుకోవాలి. రెండు మార్పులు ఒక్కసారి చేసినవాడికి ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు.

మన వీధులలో జరుగుతున్నది దీనికి తలక్రిందుల వరుస. మొదట సైలెన్సరు పీకుతారు. చప్పుడు పెరుగుతుంది, వేగం పెరిగినట్లు చెవికి భ్రమ కలుగుతుంది. తరువాత కారు కిందికి దిగాలని స్ప్రింగులు కోయిస్తారు. దానితో గుంత వచ్చినప్పుడల్లా కారు అడుగుకు తగిలి, టైరు నేలను వదులుతుంది. ఆపైన వెడల్పాటి బరువు చక్రాలు, వెనుక ఒక రెక్క. బ్రేకు ఆయిలు మాత్రం కొన్ననాటిదే! అలంకారశాస్త్రం చదివినవాడిని కాబట్టి చెబుతున్నాను, శరీరానికి సత్తువ లేనప్పుడు అలంకారాలు బరువే.

ఇది కోటీశ్వరుల వినోదం, మనకెందుకు అనే మాట తరచు వినిపిస్తుంది. కోయంబత్తూరుకు చెందిన సుందరం కరివర్ధన్ జీవితమే దానికి సమాధానం. అక్కడ నూలుమిల్లులు స్థాపించినవారిలో తెలుగు మూలాల కుటుంబాలు అనేకం, లక్ష్మీ మిల్లుల కుటుంబం వాటిలో ఒకటి. ఆ కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ కలిమి కలవాడే, స్వయంగా పందేలలో పాల్గొన్నవాడే. తాను దిగుమతి కార్లు నడుపుకుని ఊరుకోలేదు. 1980ల చివర మారుతి 800 భాగాలతో ఒక్కరు కూర్చునే చిన్న పందెపు కారును రూపొందించాడు. దానికే ఫార్ములా మారుతి అని పేరు. సామాన్యంగా దొరికే ఇంజను, అందరికీ ఒకే తీరు కారు. అందువల్ల గెలుపు డబ్బుది కాక సారథిది అయింది. 2005లో మన దేశం నుండి మొట్టమొదటగా ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు వేసినది ఆ ఫార్ములా మారుతిలోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర ఏర్పడిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు.

ఆ పద్ధతి మనకు కొత్తది కాదు. మన కృష్ణా, గుంటూరు సీమల ఎడ్ల బండలాగుడు పోటీలు చూడండి. పాలపళ్ళ జతకు ఒక విభాగం, రెండు పళ్ళ జతకు ఒకటి, నాలుగు పళ్ళకు ఒకటి, ఆరు పళ్ళకు ఒకటి. విభాగాన్ని బట్టి బండ బరువు, నిర్ణీత సమయం, లాగిన దూరం అడుగుల లెక్క. సమానుల మధ్యనే పోటీ. కార్ల పందేలలో ఇంజను పరిమాణాన్ని బట్టి విభాగాలు చేయడం ఇటువంటిదే. ఎద్దులకు ఇంత న్యాయం ఆలోచించిన మన రైతులు తమ బిడ్డలకు ఆ పాటి బరి చూపలేరా?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగరం ఒడ్డున ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. 2.83 కిలోమీటర్ల బాట, ప్రపంచ ప్రసిద్ధ సారథులు. మరుసటి ఏడు జరగవలసినది రద్దయింది. కనుల పండువగానే జరిగింది, కాదనను. కాని తిరువూరు కుర్రవాడికి దాని వల్ల మిగిలినదేమిటి? చూసి వచ్చాడు, అంతే. ఇరుంగట్టుకోట్టై బాట మీద నేర్చుకుందామంటే విజయవాడ నుండే దాదాపు 450 కిలోమీటర్లు పోవాలి.

అంత పెద్ద బాట మనకు అక్కరలేదు. ఆటోక్రాస్ అనే పోటీ ఒకటున్నది. విశాలమైన మైదానంలో ప్లాస్టిక్ శంకువులు నిలిపి వంకర దారి ఏర్పరుస్తారు. ఒక్కసారికి ఒక్క కారే వెళుతుంది, పోటీ గడియారంతోనే. వేగం తక్కువ, మలుపులు ఎక్కువ. శంకువును కొడితే కాలంలో శిక్ష పడుతుంది గాని ప్రాణానికి శిక్ష లేదు. ఇంటి కారుతోనే, హెల్మెటుతో, సీటు బెల్టుతో పాల్గొనవచ్చు. జిల్లాకొక మార్కెట్ యార్డు సీజను లేని నెలలలో ఖాళీగానే ఉంటుంది కదా!

చట్టం ఒప్పుకుంటుందా అంటారేమో. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను బహిరంగ స్థలంలో పందేలను నేరమంటుంది. 2019 సవరణ తరువాత మొదటిసారి నేరానికి మూడు నెలల వరకు జైలు లేదా ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే ఆ సెక్షనులోనే ఒక మాట ఉన్నది. నిషేధం రాష్ట్ర ప్రభుత్వపు లిఖితపూర్వక సమ్మతి లేని పందేలకు మాత్రమే. తలుపు ఉన్నది, తట్టేవారు లేరు. క్రీడకు నియమాలు చూసే మోటారు క్రీడా సంఘాల సమాఖ్య కూడా దేశంలో ఉండనే ఉన్నది. దాని నియమాల ప్రకారం, అంబులెన్సును, అగ్నిమాపక సాధనాలను పక్కన నిలిపి, నెలకొక ఆదివారం జిల్లా అధికారులు అనుమతిస్తే చాలు.

దానితో రోడ్డు పందేలు ఆగిపోతాయా అని అడిగితే, అన్నీ ఆగవు. దుడుకువాడు ఎక్కడైనా దుడుకువాడే. కాని శంకువుల నడుమ నాలుగు మార్లు కారు జారినవాడికి టైరు పట్టు ఎంతలో తెగుతుందో ఒంటికి తెలుస్తుంది. తన ఊరి కుర్రవాడు ఇంటి కారుతోనే తనకన్నా మూడు సెకన్లు ముందు వచ్చాడని గడియారం చెబితే, గర్వం దిగి విద్య మీద గౌరవం కలుగుతుంది. ఆ గౌరవం కలిగినవాడు గేదెల మధ్య పందేనికి దిగడానికి ఒక్క క్షణమైనా వెనుకాడతాడు. ఆ ఒక్క క్షణం కోసమే నా ఈ వాదన.

మీ మీ జిల్లాలలో ఇటువంటి ప్రయత్నమేదైనా జరిగి ఉంటే తెలియజేయగలరు. కాదనేవారి వాదన వినడానికీ సిద్ధమే.

స్వస్తి.